అత్తయ్య రెప్ప వేయని ఫోటో

మా మేనమామ గల్ఫ్‌లో పనిచేసినప్పుడు కొనుక్కున్న కెమెరా ఒకటి నా దగ్గరుంది. మూస్తే పుస్తకంలా పలచగా అయిపోతుంది. బటన్ నొక్కగానే ఖాళీ కాగితంలాంటి ఫోటో బయటికి వస్తుంది. కాసేపు వెలుతురు తగలకుండా దాచితే అందులో మనుషులు తేలతారు. నా డిగ్రీ పూర్తయినప్పుడు ఆయనే దాన్ని నాకిచ్చాడు. ఫ్లాష్ విడిగా తగిలించాలి. అది మాత్రం ఆయన దగ్గర లేదు.

మా పాప మొదటి పుట్టినరోజుకి ఇంట్లో సాయంత్రం ప్రార్థన పెట్టుకున్నాం. ఆ రోజు తనూ మనవరాలూ కలిసి ఒక ఫోటో దిగాలని మా అత్తయ్య అడిగింది. పెనుగొలను పొలాల్లో పత్తి తీసి, మిరపకాయలు కోసి మా ఆయన్ని చదివించిన మనిషి. ఎప్పుడూ ఏదీ అడగదు.

"ఫోన్లో బోలెడున్నాయిగా అత్తయ్యా" అన్నాను.

"ఫోన్లోవి ఫోన్లోనే ఉంటయ్యి. నువ్వు వంటింట్లోకి పోతే అవీ నీతోపాటే పోతయ్యి. నా బైబిల్లో పెట్టుకోటానికి కాయితం కావాలమ్మాయ్."

సాయంత్రం ఇంట్లో తీయాలంటే ఫ్లాష్ తప్పదు. వెతికితే ఆ కెమెరాకి సరిపోయేవి రెండు రకాలు కనిపించాయి. ఒకటి పాతకాలపు బల్బుల పట్టీ. ఫోటోకొక బల్బు చొప్పున కాలిపోతుంది. ఇంకోటి బ్యాటరీతో పనిచేసే కొత్తది. వెలుతురు సగానికి తగ్గించుకోవచ్చు. నా ఆలోచనంతా పాప కళ్ళ గురించే. బల్బు ఎంత గట్టిగా వెలుగుతుందో ముందుగా చూద్దామంటే, చూసిన బల్బు ఇక పనికిరాదు. అందుకని బ్యాటరీది తెప్పించాను. రాగానే నా మొహానికి ఎదురుగా పెట్టుకుని వెలిగించి చూశాను. తర్వాత మా ఆయన మొహం మీద.

"పోలీసోళ్ళు టార్చి కొట్టినట్టు ఆ కొట్టుడేంటే బాబూ! పాపకి తీసేది ఫోటోనా, ఎక్స్‌రేనా?" అన్నాడాయన కళ్ళు నలుపుకుంటూ.

పిల్లల డాక్టరుగారిని కూడా అడిగాను. ఏం కాదమ్మా అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. సగం వెలుతురుతో తీసి చూస్తే ఫోటో నల్లగా వచ్చింది. పూర్తి వెలుతురు పెట్టక తప్పదు కాబట్టి, పాప మొహం పక్కకి తిప్పించాలని నిర్ణయించుకున్నాను.

ఇన్ని ఆలోచించినదాన్ని ఒక్కటి మర్చిపోయాను. అంతకుముందు నెలే అత్తయ్యకి విజయవాడలో కంటి శుక్లం ఆపరేషన్ అయింది. గట్టి వెలుతురు పడకుండా వాళ్ళిచ్చిన నల్లద్దాలు రోజూ నా ఎదురుగానే, ఆవిడ ముక్కు మీదే ఉన్నాయి.

పాస్టరుగారి ప్రార్థన అయ్యాక అత్తయ్య పాపని ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో నిటారుగా కూర్చుంది. "ఈటితో దిగితే గుడ్డిదాన్లా పడతాను" అని అద్దాలు తీసేసింది. తీయడం నేను చూశాను. చూస్తూనే "బంగారం, నానమ్మని చూడు" అని పాప గడ్డం ఆవిడ భుజం వైపు తిప్పి, వెనక్కి వచ్చి బటన్ నొక్కాను.

ఫోటో బయటికి రాగానే దాన్ని బల్ల మీద బోర్లించి పాప దగ్గరికి పరిగెత్తాను. ఎత్తుకుని, కళ్ళు అటూ ఇటూ చూసి, ముద్దు పెట్టుకున్నాను. ఇంతలో మా ఆయన గొంతు వినిపించింది.

"అమ్మా, ఏంటలా ఉండిపోయావ్?"

ఆవిడ కదల్లేదు. కళ్ళు రెండూ పెద్దవి చేసుకుని, కెమెరా ఉన్న చోటికే చూస్తోంది. ఆపరేషన్ చేసిన కంటినుంచి నీరు చుబుకం దాకా జారింది.

"అమ్మాయి ఇంకా అయిపోయిందనలేదుగా" అంది.

మా ఆయన చంటిపిల్లాడిగా ఉన్నప్పుడు ఇక్కడే తిరువూరులో ఒక స్టూడియోలో ఆవిడ ఫోటో దిగింది. రెప్ప కొడితే ఫోటో పాడైపోద్ది, నేను అయిపోయిందనేదాకా కదలొద్దని ఆ ఫోటోగ్రాఫరు చెప్పాడట. అది ఆవిడకి ఇప్పటికీ నియమమే.

"అయిపోయింది అత్తయ్యా" అన్నాను. అప్పుడు కళ్ళు మూసుకుంది.

ఫోటోని కోడిపిల్లని దాచినట్టు కొంగు కింద దాచుకుని కూర్చుంది. తీసి చూస్తే ఆవిడ పెద్ద కళ్ళు, పాప తల వెనక భాగం, ఒక చెవి.

"మొహం పడలేదే" అంది మెల్లగా. నా మొహం చూసి కాబోలు, వెంటనే "పోన్లే, చెవి మాత్రం అచ్చం మీ మావయ్యదే!" అని తన భర్తని తలుచుకుని నవ్వింది.

తర్వాతి వారం కళ్ళ డాక్టరుగారు చూసి, కన్ను బాగానే ఉందన్నారు. ఆ మాటతో నా మనసు తేలికపడాలి. పడలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అత్తయ్య అడిగింది: "ఆ లైటుకి పాప కళ్ళకేమన్నా అయ్యిద్దా అమ్మాయ్? నువ్వంత భయపడ్డావుగా."

ఏం కాదని ఎన్నిసార్లు చెప్పానో.

మొన్న ఆదివారం చర్చికి వెళ్ళేముందు, ఫ్లాష్ తగిలించకుండా, వాకిట్లో ఎండలో ఇద్దర్నీ మళ్ళీ కూర్చోబెట్టాను. అత్తయ్యకి అద్దాలు నేనే పెట్టాను. నేను కెమెరా ఎత్తగానే ఆవిడ అరచెయ్యి లేచి పాప కళ్ళని కప్పేసింది.

"చెయ్యి తీయండి అత్తయ్యా. లైటు లేదు, ఎండే."

"ఎందుకొచ్చిన గొడవ? నీ బెంగ నాకు తెల్దా? తియ్యి."

"పాప మొహం మళ్ళీ పడదు."

"పడకపోతే పడకపోయింది. కళ్ళు బాగుంటే రోజూ చూసుకుంటాగా."

ఎంత చెప్పినా చెయ్యి తీయలేదు. నొక్కాను. గట్టిగా, వినపడేటట్టు, "అయిపోయింది అత్తయ్యా" అన్నాను. ఆవిడ చెయ్యి తీసి, వంగి, పాప కళ్ళు ఒకటొకటిగా చూసింది. ఆ రోజు నేను చూసినట్టే. తన అద్దాలు ఎత్తి కన్ను తుడుచుకున్నది ఆ తర్వాతే.