మోకాలి సొట్ట

తొండుపల్లిలో సక్కుబాయి పొద్దున్నే వాకిలి ఊడ్చాక, గోడ పక్కన నిలిపి ఉంచిన పాత కారును తడిగుడ్డతో తుడుస్తుంది. ఆమెకు కారు నడపడం రాదు. నడిపిన భర్త, ఆమెకన్నా జానెడు పొడుగున్న కుర్మయ్య, పోయి రెండేళ్లు. ఎయిర్‌పోర్టు సవారీల సామాను రెండు చేతులా పట్టుకుని, డ్రైవరు తలుపును మోకాలితో గుద్ది మూయడం అతని అలవాటు; ఇంటి ముందు దిగినా అంతే. "జర మెల్లగ వెయ్యయ్యా" అని ఆమె రోజూ గొణిగేది. అలా పడిన సొట్టలో అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడితే గాని ఇప్పుడామెకు తెల్లవారినట్టుండదు. మొన్న పక్కింటి హమ్జా తన క్యాబ్ వెనక్కి తీస్తూ ఆ తలుపునే గీకాడు.

"తప్పయింది అక్కా, కొత్తదాని లెక్క చేయిస్త" అన్నాడు.

"గీత ఒక్కటి పోతే చాలు తమ్మీ. సొట్ట జోలికి పోనియ్యకు" అంది.

షెడ్డు మేస్త్రీ పనిలో పనిగా రెండూ సాపు చేసి పంపాడు. నున్నటి తలుపు మీద రెండు రోజులు ఆమె చెయ్యి వెతుక్కుంది. మూడోనాడు తుడుస్తుంటే గుడ్డ లోపలికి దిగింది. అదే చోట, అదే సొట్ట. సక్కుబాయి తన మోకాలు ఆనించి చూసుకుంది. సొట్ట దానికి నాలుగు వేళ్లు పైన ఉంది. నెత్తిమీది విమానం చప్పుడు పోయేదాకా ఆగి, "జర మెల్లగ వెయ్యయ్యా" అంది.