సగం పిప్పితో ఒక పెనం

తిరుపతిలో బీఎస్సీ చివరి ఏడాది చదివే రోజుల్లో నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. ఆ పొగరు ఉష్ణగతిక శాస్త్రం వల్ల పట్టుకుంది. ఏది మండినా ఎంత వేడి పుడుతుందో, అందులో ఎంత పనికి ఖర్చవుతుందో కాగితం మీదే తేల్చవచ్చని మా లెక్చరరు చెప్పారు. ఆ రోజు నుంచి హాస్టల్ వంటాయన పొయ్యిలోకి కట్టెలు ఎగదోస్తుంటే పక్కన నిలబడి సలహాలు చెప్పేవాణ్ణి. ఆయన నాకు చట్నీ తగ్గించడం మొదలుపెట్టాడు.

ఆ చలికాలం సెలవులకు పాకాల దగ్గర మా ఊరు వెళ్లేసరికి చెరకు ఆడుతున్నారు. గానుగలో తీసిన రసాన్ని పెద్ద ఇనుప పెనంలో పోసి, నీరంతా ఆవిరై పాకం ముదిరేదాకా కాస్తే బెల్లం. ఆ పొయ్యికి కట్టెలు వాడం. రసం పిండగా మిగిలిన పిప్పినే ఎండబెట్టి మండిస్తాం. నాయన పాకం చూసేవాడు. మా మేనమామ పొయ్యి ముందు కూర్చుని, మంట చప్పుడు వింటూ పిడికెడు పిడికెడు పిప్పి వేసేవాడు.

నాకు ఎమ్మెస్సీ చదవాలని ఉంది. ఒక్కగానొక్క కొడుకువి, సేద్యం ఎవరు చూస్తారని నాయన వద్దన్నాడు. ఉడుకుమోత్తనంతో పొయ్యి దగ్గరే కూర్చుని లెక్క వేశాను. ఎండిన పిప్పి మండితే పుట్టే వేడి ఇంత, రసంలోని నీరు ఆవిరయ్యేందుకు కావలసింది ఇంత. ఆవిరి ఊరికే లేచిపోదు. తిరుపతి బస్టాండులో జనాన్ని నెట్టుకుని చోటు చేసుకున్నట్టు, చుట్టూ ఉన్న గాలిని నెట్టుకుని పైకి రావాలి. ఆ నెట్టుడు కూడా పనే, దానికీ వేడి కావాలి. ఆ చిన్న అంశాన్ని కూడా వదలకుండా చూసుకున్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

"నాయనా, సగం పిప్పి చాలు. మిగతాదంతా దండగ," అన్నాను.

"యాడ రాసిండారు అట్లని?"

"నేనే లెక్కేసినాను."

నాయన పాకం గరిటె పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "సరే. రేపు ఒక పెనం నీది. సగం పిప్పితో బెల్లం దించితే ఎమ్మెస్సీకి పో. దించలేదో, ఆ పుస్తకాలు అటకమీద పెట్టి మడక పట్టి పొలం దున్ను."

మర్నాడు పొద్దున్నే నేను చేసిన మొదటి పని, రెండో సగం పిప్పిని పక్క తోట గానుగవాళ్లకు దానం చేయడం. వాళ్లకు పిప్పి చాలడం లేదు, నాకు గర్వం ఎక్కువైంది.

"రాత్రి మంచు పడిండాది అల్లుడా. పిప్పి చెమ్మగా ఉండాది," అన్నాడు మామ.

"ఎండిన పిప్పే కదా మామా. చెమ్మ ఎంతుంటాది?"

మామ అగ్గిపుల్ల గీశాడు. పొయ్యి రాజుకుంది. రసం తెర్లింది. సగం దాకా అంతా నేను చెప్పినట్టే నడిచినట్టు కనిపించింది. ఆ తర్వాత పొగ ఎక్కువై మంట తగ్గింది. పిప్పి తన తడిని తాను ఆరబెట్టుకోవడానికే సగం చచ్చిపోతోంది. పుట్టిన వేడిలో బోలెడంత పొగగొట్టం దారిన, పొయ్యి నోటి దారిన బయటికి పోతోంది. కాలేజీలో మేము వాడేది వేడి బయటికి పోనివ్వని ఫ్లాస్కు. ఈ పొయ్యి అన్ని వైపులా కారుతోంది. నా వంతు పిప్పి అయిపోయింది, పాకం ముదరలేదు. నేను పక్క తోటకు పరిగెత్తాను. దానం చేసిన పిప్పిని వాళ్లు అప్పటికే తగలేసి, బ్రహ్మాండమైన బెల్లం దించుకుంటున్నారు.

మామ చితుకులు ఏరి తెచ్చి మంట పెట్టేసరికి పెనం చల్లారింది. చల్లారి మళ్లీ కాగిన పాకం గడ్డకట్టదు. నాదీ కట్టలేదు. కూలీలు చెంబుల్లో ఇంటికి తీసుకుపోయారు. మేము వారం రోజులు దోసెల్లోకి అదే నంజుకున్నాం. నాయన ప్రతి పూటా ఇంకో గరిటె అడిగి వేయించుకునేవాడు, అదే నాకు ఎక్కువ మంట.

రెండు రోజులు అలిగాను. మూడో రోజు బెల్లం తూచే తక్కెడలో మంచుకు తడిసిన పిప్పిని, ఎండలో ఆరాక అదే పిప్పిని తూచాను. తడి ఎంతో తేలింది. పొగలో పోయే వేడిని, పొయ్యి గోడలు తాగే వేడిని చేతనైనంత అంచనా వేసి లెక్క మళ్లీ మొదలుపెట్టాను. రెండు కాగితాలు నిండాయి. చివర తేలిన పిప్పి, మామ రోజూ చప్పుడు విని వేసే పిప్పికి కాస్త అటూ ఇటూగా సరిపోయింది. సిగ్గు చంపుకుని, పొయ్యి దగ్గరే నాయన ముందు మొత్తం చదివాను.

"అంటే మీ మామ ఏసేదే సరి అంటావు."

"అవును నాయనా."

"నీది తప్పు."

"తప్పే నాయనా. మడక పడతాను."

నాయన మీసం దువ్వుకున్నాడు. "నీ నోట తప్పు అనే మాట ఇరవై ఏండ్లకి ఇనినాను. ఆ సదువేందో ఇంకో రెండేండ్లు సదువు, పో."

మామ పొయ్యిలోకి ఇంకో పిడికెడు వేశాడు.

ఆ కాగితాలు నాయన నా దగ్గర తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ ఏడు బెల్లం మండీలో కనిపించిన వాళ్లందరికీ "మావోడు తప్పిన లెక్క సూడండప్పా" అని విప్పి చూపించేవాడని మామ చెప్పాడు. నాయనకు చదవడం రాదు. చాలాసార్లు తలకిందులుగా పట్టుకునేవాడట.