ఒళ్ళు వేడి చేయాలి

మా బావ మీద నాకున్న కోపం ఈనాటిది కాదు. ఆయన చేసిన పనుల్లో చాలావాటిని నేను మర్చిపోయాను, కొన్నింటిని అక్క ముఖం చూసి మర్చిపోయినట్టు నటించాను. ఒక్కదాన్ని మాత్రం మర్చిపోను, నటించను కూడా. ఆయన తన కూతురి తొడ కండరం చేజేతులా తెంపాడు. అంతకు ముందు నేను రాసిచ్చిన కాగితం పట్టుకుని పల్లెంతా చూపించి నవ్వాడు.

నేను ప్రొద్దుటూరులో ఒక ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. సర్టిఫికెట్టు మీద ఫిజికల్ ఎడ్యుకేషన్ అని ఉంటుంది గానీ, ఇరవై రెండేళ్ళలో నన్ను ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. లెక్కల సారుకు పాఠాలు మిగిలిపోతే నా పీరియడ్ తీసుకుంటాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర వరసలు సరిచేయడానికి నేను కావాలి, పిల్లల కాళ్ళూ చేతులూ సరిచేయడానికి మాత్రం నేను అక్కర్లేదు. అందుకే నా మాట వినే పిల్ల ఒక్కతి దొరికితే నేను వదిలిపెట్టే రకం కాదు.

ఆ దొరికిన పిల్ల మా అక్క కూతురు. వాళ్ళది చాపాడు దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక కానిస్టేబుల్ పరీక్ష రాసి, మొదటి రాతపరీక్ష పాసయింది. తర్వాత గ్రౌండులో పరుగుల పరీక్ష. అందులో నెగ్గితే ఇంకో రాతపరీక్ష, ఆపైన ఉద్యోగం. వయసు లెక్క ప్రకారం ఆ పిల్లకు అదే ఆఖరి అవకాశం. మళ్ళీ నోటిఫికేషన్ పడే నాటికి ఏళ్ళు దాటిపోతాయి. ఈ సంగతి నాకు తెలుసు, అక్కకు తెలుసు, బావకూ తెలుసు.

సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆ పిల్ల మా ఇంట్లో ఉండేది. పొద్దున ఐదున్నరకల్లా ఇద్దరం కాలేజీ గ్రౌండులో ఉండేవాళ్ళం. ముందు పది నిమిషాలు చురుగ్గా నడక. తర్వాత మెల్లని పరుగు. అప్పుడు చీలమండలు తిప్పడం, మోకాళ్ళు పైకి లేపడం, గోడ పట్టుకుని కాలు ముందుకీ వెనక్కీ ఊపడం. మెడ మీద చెమట పడితే తప్ప గట్టిగా పరిగెత్తనిచ్చేదాన్ని కాదు. సాగదీయడమంతా పరుగు అయిపోయాకే. మడమను మెట్టు మీద పెట్టి, తొడ వెనక కాస్త లాగినట్టు అనిపించేదాకా వంగి, అక్కడే ఆగి, ఊపిరి బిగబట్టకుండా ముప్పై లెక్కపెట్టాలి. కుదపకూడదు, పైనుంచి ఎవరూ నొక్కకూడదు. ఆ పిల్లకు నెల తిరక్కుండానే ఇదంతా అలవాటైపోయింది. పళ్ళు తోముకున్నట్టు చేసేసేది.

శని, ఆదివారాలే నా ప్రాణానికి వచ్చేవి. పల్లెకు పోతే వాళ్ళ నాయన చేతిలో పడేది. మా బావ వయసులో ఉన్నప్పుడు వాళ్ళ పల్లె కబడ్డీ జట్టులో ఆడిన మనిషి. ఆ ఒక్క కారణంతో లోకంలోని ఆటలన్నీ తనకు తెలుసనుకుంటాడు. కాలువ గట్టు మీద పిల్ల ముందు పరిగెత్తుతుంటే, వెనక మోటార్ సైకిల్ మీద హారన్ కొట్టుకుంటూ వచ్చేవాడు. అదీ ఆయన ఇచ్చే ట్రైనింగు.

సరే, నేను పక్కన లేని రెండు రోజులకూ పనికొస్తుందని ఒక కాగితం రాసిచ్చాను. ఐదే వాక్యాలు. మొదటిది, "ముందు పది నిమిషాలు ఒళ్ళు వేడి చేయాలి." చివరిది, "నొప్పి అనగానే వదిలేయాలి." వార్మప్ అని రాస్తే ఎవరికి అర్థమవుతుందిలే అని తెలుగులో రాశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మా వైపు వేడి చేయడమంటే ఏమిటో ఎవరినడిగినా చెబుతారు. నోట్లో పుండ్లు లేస్తే వేడి చేసింది, కళ్ళు మండితే వేడి చేసింది, ఒంటేలు మంటగా వస్తే వేడి చేసింది. నడివేసవిలో వంట మానేసే ఇళ్ళున్నాయేమో గానీ, సబ్జా గింజలు నానబెట్టని ఇల్లుండదు. బతుకంతా ఒంట్లో వేడి తగ్గించుకోవడానికే సరిపోయే జిల్లాలో, కన్నబిడ్డకు వేడి చేయమని మరదలు రాసి పంపింది. మా బావకు ఇంకేం కావాలి? ఆ కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకుని టీ హోటలుకు పోయాడట.

"మా మరదలు టీచరమ్మ చూడండప్పా, బిడ్డకు వేడి చేయమని రాసిచ్చిండాది" అని చదివి వినిపించాడట. బెంచీల మీద కూర్చున్నవాళ్ళు ఊరుకుంటారా? వాళ్ళకూ పొద్దుపోవాలి కదా.

నేను ఫోన్ చేశాను. "అది ఆ వేడి కాదు బావా. పరిగెత్తేముందు కండరాల్లో రక్తం బాగా పారల్ల."

"పారేదానికి అదేమన్నా కాలవ నీళ్ళా?" అన్నాడు. "ఎండకే ఒళ్ళు కాలిపోతాంటే మళ్ళా వేడి చేసేదేంది? మన ఎండే వార్మప్పు. నీ పాఠాలు బళ్ళో చెప్పుకో పో."

ఆ తర్వాత అక్క రహస్యంగా ఫోన్ చేసింది. "ఆయనకు తెలిసేటట్ల ఇంగో మాట రాయగూడదా మ్మే? ఒళ్ళు కదిలీయల్ల అని రాస్తే పోయె గదా" అంది.

"నీ మొగుని కోసరం తెలుగు మార్చేంత తీరిక నాకు లేదు" అన్నాను. ఫోన్ పెట్టేశాను. అక్క చెప్పింది ఎంత సరైన మాటో ఆ క్షణంలోనే నాకు తెలుసు. అయినా మార్చలేదు. ఆ మనిషికి తలవంచినట్టు అవుతుందని మార్చలేదు.

ఎండాకాలమంతా ఏమీ కాలేదు. అదే మా కొంప ముంచింది. మే నెలలో తెల్లవారకముందే ఒళ్ళు చెమట పట్టి ఉంటుంది. పైగా ఇంటి నుంచి కాలువ దాకా పిల్ల నడిచే పోయేది. నేను చెప్పిన పది నిమిషాలూ ఎవరికీ తెలియకుండానే జరిగిపోయేవి. ఆయన మాత్రం కనిపించినప్పుడల్లా, "ఏమ్మా, నీ వార్మప్పు లేకపాయె, ఏమయింది? పిల్ల చచ్చిందా?" అనేవాడు.

పరీక్ష రెండుసార్లు వాయిదా పడి చలికాలానికి వచ్చింది. తెలియకుండానే పనికొచ్చిన ఆ కాస్త నడకా అప్పుడే పోయింది. "ఈ చలిలో నడిచేదేంది, బండెక్కు" అనేవాడు వాళ్ళ నాయన. పరీక్ష మూడు వారాలుందనగా ఒక ఆదివారం, మంచు ఇంకా విడవకముందే పిల్లను బండి మీద కూర్చోబెట్టుకుని గట్టుకు తీసుకుపోయాడు. చల్లగాలికి కాళ్ళు కొయ్యబారిపోయి ఉన్నాయి. అది చాలదన్నట్టు కాలువ నీళ్ళు చెంబుతో ముంచి తొడల మీద పోశాడు, చలవ చేస్తుందని. తర్వాత బండి సీటు మీద ఆ పిల్ల కాలు పెట్టించి, నరాలు సాగాలని వీపు మీద చెయ్యి వేసి నొక్కాడు. కుదిపి కుదిపి నొక్కాడు.

ఆ పిల్ల "నాయనా, నొప్పి" అంది. మూడుసార్లు అంది.

"నొప్పి పుడితేనే నరం సాగేది, గమ్మునుండు" అన్నాడట.

అట్నుంచి అటే వంద మీటర్లు. ఒకటోసారి పరిగెత్తింది. రెండోసారీ పరిగెత్తింది, తొడ వెనక చురుక్కుమంటోందని చెప్పింది. మూడోసారి సగం దూరంలో వెనక నుంచి ఎవరో రాయి పెట్టి కొట్టినట్టయిందట. తిరిగి చూస్తే ఎవరూ లేరు. అక్కడే కూలబడింది.

కథ ఇంతటితో అయిపోలేదు. నరం మీద నరం ఎక్కిందని తేల్చాడు మా బావ. అదే రోజు పులివెందుల అవతల ఒక పల్లెలో బెణుకులు పట్టేవాని దగ్గరికి తీసుకుపోయాడు. వాడు నూనె పోసి, తెగిన కండరాన్ని బొటనవేళ్ళతో ఒత్తి, కాలు పట్టుకుని గుంజాడు. సోమవారం ఆ పిల్ల మా ఇంటి మెట్లు గోడ పట్టుకుని ఎక్కింది. మోకాలి వెనక దాకా చర్మం నేరేడుపండులా కమిలిపోయి ఉంది. చూడగానే నా అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పూటే ఎముకల డాక్టరుకు చూపించాను. కండరం చిరిగిందని, నెలన్నర దాకా పరుగు మాటే ఎత్తొద్దని చెప్పాడు. పరీక్షకు మిగిలింది ఇరవై రోజులే.

ఆ రాత్రి అన్నం తింటూ ఆ పిల్ల, "చిన్నమ్మా, నాయన మీద కోపం పెట్టుకోవాకు" అంది. "నా మంచికే చేసినాడు."

"మంచికి చేస్తే కాలు తెగుతుందా మ్మే?" అన్నాను. ఆ పిల్ల పెరుగన్నం పక్కకు పెట్టి ఏడ్చింది. నేను అప్పుడు నోరు మూసుకుని ఉండాల్సింది.

వద్దన్నా పరీక్షకు పోయింది. కడప గ్రౌండుకు నేను, అక్క, బావ, అందరం పోయాం. లోపలికి మమ్మల్ని రానివ్వరు కాబట్టి ఇనుప గేటు బయట నిలబడి చూశాం. తక్కిన పిల్లలు గుంపుగా కదిలారు. మా పిల్ల మొదటి చుట్టు వాళ్ళతో సమానంగానే వచ్చింది. రెండో చుట్టులో కాలు ఈడవడం మొదలుపెట్టింది. మూడో చుట్టులో గేటు ఎదుటికి వచ్చేసరికి అందరికంటే వెనకబడి, చేత్తో తొడ పట్టుకుని నడుస్తోంది. అయినా ఆగలేదు. టైము అయిపోయిందని చెప్పాక, తనే పక్కకు వచ్చి, రొమ్ము మీది నంబరు విప్పి మడతపెట్టి ఇచ్చేసింది.

బయటికి రాగానే మా బావ సంచిలోంచి సీసా తీశాడు. సబ్జా నీళ్ళు. "తాగు పాపా, ఒళ్ళు చలవ చేస్తాది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, నిట్టూర్చి, "ఏం చేస్తాం. రాసిపెట్టి లేదు" అన్నాడు.

"రాసిపెట్టినా బావా" అన్నాను. "నా చేత్తో రాసి నీ చేతికిచ్చినా. నువ్వు టీ హోటల్లో చదివి నవ్వుకున్నావు."

అక్క నా చెయ్యి పట్టుకుని లాగింది. చుట్టూ ఉన్నవాళ్ళు చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాను.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. ఆ పిల్ల ఇప్పుడు ప్రొద్దుటూరులో ఒక బట్టల షాపులో పనిచేస్తూ నా దగ్గరే ఉంటోంది. పొద్దస్తమానం నిలబడి చీరలు విప్పి చూపించి, మళ్ళీ మడత పెట్టే పని. చలికాలంలో తొడ ఇంకా పట్టేస్తుంది. అందుకని పొద్దున్నే వరండాలో కాసేపు నడిచి, కాలు ఊపి, ఒళ్ళు వేడెక్కాకే షాపుకు బయల్దేరుతుంది. పోలీసు ఉద్యోగం సంగతి మా ఇద్దరి మధ్యా రాదు. వీధిలో ఖాకీ చీరో ప్యాంటో కనిపిస్తే ఇద్దరం వేరే వైపు చూస్తాం.

మొన్న ఆదివారం మా బావ వచ్చాడు. కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవడం లేదు. చొక్కా కూడా అక్కే తొడుగుతోందట. వేడినీళ్ళ కాపడం పెట్టి, తర్వాత మెల్లగా సాగదీసుకోమని డాక్టరు చెప్పాడట. వాకిట్లోనే నిలబడి, నా ముఖం చూడకుండా, "అదేందో వార్మప్పు అంటావు గదా. రొంత చూపించు" అన్నాడు.

ఆ మాట కోసం నేను రెండేళ్ళుగా ఎదురు చూస్తున్నానని అప్పుడే తెలిసింది నాకు. "ఎండలో పోయి నిలబడు బావా" అన్నాను. "మన ఎండే వార్మప్పు గదా."

ఆయన ఎడమచేత్తో భుజం పట్టుకుని వాకిట్లోనే నిలబడ్డాడు. ఏమైనా అని ఉంటే ఇంకా నాలుగు తగిలించేదాన్ని. ఈలోగా లోపల్నుంచి ఆ పిల్ల వచ్చింది. వాళ్ళ నాయనను కుర్చీలో కూర్చోబెట్టింది. వేడినీళ్ళలో తువ్వాలు ముంచి పిండి భుజం మీద వేసింది. పది నిమిషాలు అట్లాగే ఉంచింది. తర్వాత చెయ్యి కిందికి వేలాడేసి చిన్నగా ఊపమంది. నేను నేర్పినదే. ఒక్కటి కూడా మర్చిపోలేదు. అప్పుడు ఆయన మోచేతి కింద తన చెయ్యి పెట్టి మెల్లగా పైకి లేపింది.

"గుంజను నాయనా. ఊపిరి బిగబట్టగాకు. ముప్పై లెక్కపెట్టు" అంది.

ఆయన లెక్కపెట్టాడు. నేను వంటింటి గడపలో నిలబడి వింటున్నాను. పదకొండు దాకా వచ్చి, "పాపా, నొప్పి" అన్నాడు.

ఒక్కసారే అన్నాడు. ఆ పిల్ల వెంటనే వదిలేసింది.

మా బావ ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని తల వంచుకున్నాడు. ఆ పిల్ల తువ్వాలు పిండి తీగ మీద ఆరేసి, షాపుకు టైమయిందని వెళ్ళిపోయింది. ఆ రోజు ఆయనకు నేను మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.