రెండున్నర గుర్రాల ఇన్వర్టరు, ఇరవై ఐదు కిలోల కోనాం

కిలోవాటుకీ కిలోవాట్ అవరుకీ తేడా నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు. కరెంటు బిల్లు వెనక ఉండే చిన్న అక్షరాలు చదివి నేర్చుకున్నాను. మొదటిది ఎంత జోరుగా వాడుతున్నామో చెబుతుంది, రెండోది మొత్తం ఎంత వాడామో చెబుతుంది. బిల్లులో యూనిట్ అంటే ఈ రెండోదే. ఇంత చిన్న జ్ఞానంతో నేను మా చుట్టాలందరికీ విసుగు తెప్పించగలిగాను.

మా బావ, అంటే అక్క భర్త, ఫిషింగ్ హార్బర్లో బోటు డ్రైవరు. ఇంజన్ల మధ్య బతికిన మనిషి కాబట్టి ఆయనకు లోకంలో ఉన్న కొలత ఒక్కటే, హార్సు, అంటే హార్స్ పవర్. మిక్సీ కొన్నా ఎన్ని హార్సులని అడుగుతాడు. మనవడి బాప్తిస్మానికి ఆదివారం అరవై మందికి భోజనాలు. శనివారం పొద్దున్నే తన బోటు దించిన సరుకులోంచే వేలంలో పాడి, ఇరవై ఐదు కిలోల తాజా కోనాం చేపలు గాజువాక ఇంటికి తెచ్చి, అద్దెకు తీసుకున్న ఫ్రీజర్లో పెట్టాడు. లైన్ల మరమ్మతు కోసం ఆ రోజే తొమ్మిది నుంచి అయిదు దాకా కరెంటు ఉండదని అందరి ఫోన్లకూ ముందురోజే మెసేజి వచ్చింది. అది గుర్తు చేస్తే బావ నవ్వాడు.

"ఏటి బయ్యం? ఇన్వర్టరుంది కదేటి. పక్కింటోడిది ఒక హార్సు, మూడు గంటలొత్తాది. నాది రెండున్నర హార్సులు. ఎన్ని గంటలొత్తాదో నువ్వే లెక్కెయ్, లెక్కలోడివి కదా."

వేశాను. హార్సంటే 746 వాట్లు. ఆయన ఇన్వర్టరు రెండు వేల వాట్లది. భాగిస్తే 2.68. అంటే బావ తన గుర్రాలను తక్కువే చెప్పుకున్నాడు, వినయం కాబోలు. కానీ వాట్లు కుళాయి ఎంత లావో చెబుతాయి. ట్యాంకులో నీళ్ళెన్నో బ్యాటరీని అడగాలి. బావ బ్యాటరీ, పక్కింటివాళ్ళ బ్యాటరీ ఒకే సైజు: పన్నెండు వోల్టులు, నూట యాభై ఆంపియర్ అవర్లు. గుణిస్తే 1800 వాట్ అవర్లు, రెండు యూనిట్లు కూడా కాదు. నష్టాలు తీసేసి, అడుగంటా వాడకుండా కొంత వదిలేస్తే మిగిలేది 1400. ఫ్రీజరుకు మూడు వందల వాట్లు, రెండు ఫ్యాన్లకు నూట యాభై. అంటే మూడు గంటల ఏడు నిమిషాలు.

"పన్నెండూ ఏడుకి ఆగిపోద్ది బావా. కనీసం ఫ్యాన్లయినా ఆపండి."

బాప్తిస్మానికని వచ్చి ఫ్యాను కింద కూర్చున్న బావ మేనత్త నా వైపు చూసింది. "సేపలకి సల్లగుండాల, మాకక్కర్లేదేటి?"

పదకొండూ యాభై ఎనిమిదికి ఇన్వర్టరు కుయ్యోమని ఆగింది. తొమ్మిది నిమిషాల తేడాకు నేను క్షమాపణ చెప్పుకోవాలనుకున్నాను, ఎవరూ అవకాశం ఇవ్వలేదు. పరిస్థితిని శాస్త్రీయంగా ఎదుర్కోవడానికి నా సంచిలో థర్మామీటరు ఉంది. పావుగంటకోసారి మూత తెరిచి, కొలిచి, కాగితం మీద రాశాను. నాలుగు డిగ్రీలు. ఆరు. తొమ్మిది.

అక్క నా చేతిలో కాగితం లాక్కుంది. "ఒరే, గడియకోసారి తెరిసి సూత్తా ఉంటే సల్లదనం ఎక్కడుంటాదిరా? జొరమొచ్చిన పిల్లల్లాగేటి ఆటికి డిగ్రీలు సూత్తన్నావ్?"

నిజమే. నా కొలతలు కచ్చితమైనవి. ఆ వేడికి సగం కారణం నేనేనన్నది కూడా అంతే కచ్చితం.

అక్క ఇప్పుడు బావ వైపు తిరిగింది. "కోనాం పాడైపోతే రేపు పాస్టరుగారికి పప్పుచారు పోత్తావా? చర్చిలో అందరికీ సెప్పావు, మా బోటు సేపలని!"

బావ సామాన్ల ఆటో మాట్లాడుకుని హార్బరుకు వెళ్ళాడు. రెండు గంటల్లో నలభై కిలోల ఐసు కొట్టించి, గోనెపట్టాల్లో కట్టి తెచ్చాడు. బోటు అడుగున పేర్చినట్టే, ఒక వరస ఐసు, ఒక వరస చేపలు, మళ్ళీ ఐసు. సముద్రంలో ఎన్ని రోజులుండాలో ఎక్కించిన ఐసును బట్టి చెప్పే మనిషి, పొద్దున ఇంటికొచ్చేసరికి ఆ తెలివిని గుమ్మం బయట వదిలేశాడు.

"ఇదేదో పొద్దున్నే సెయ్యొచ్చు కదా?" అంది అక్క.

"ఇంట్లో అంత ఇన్వర్టరెట్టుకుని ఐసు తెత్తే నవ్వరేటే?"

నేను కాగితం తిరగేసి లెక్క మొదలుపెట్టాను. కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ళు కావాలి. 3.6తో భాగిస్తే సుమారు 93 వాట్ అవర్లు. నలభై కిలోలకు 3720. అంటే గోనెపట్టాలో వచ్చింది బ్యాటరీకి రెండింతలు! ఫ్రీజరు ఒక వాటు తిని అంతకన్నా ఎక్కువ వాట్ల వేడిని బయటికి తోడుతుంది కాబట్టి ఈ పోలిక పూర్తిగా న్యాయం కాదని కూడా వివరించాను. మేనత్త ఆవలించింది.

"నలభై అని ఎలా లెక్కేశావు బావా?"

"లెక్కేటి? ఎండల్లో కిలో సేపకి కిలోన్నర ఐసు. పైన కొంచెం, దారిలో కరిగిపోద్ది కదా."

అయిదుకు కరెంటు రాలేదు. ఆరు దాటాక వచ్చింది. అక్క మూత ఎత్తి, ఐసు పక్కకు తోసి, ఒక కోనాం మొప్ప వేలితో ఎత్తి చూసింది. ఎర్రగా ఉంది. వీపు మీద నొక్కితే గుంట పడలేదు.

"బాగున్నాయి."

ఎన్ని డిగ్రీలున్నాయో చూద్దామని నేను సంచిలో చెయ్యి పెట్టాను. అక్క మూత దించి, దాని మీద కూర్చుంది.