గాజుపోగుల దుప్పటి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలెవరూ ఫైబర్ అట్ట కోసి చూడలేదు. చూసుంటే మిగతా రెండూ సులువేనని ఒప్పుకునేవాళ్ళు. నేనైతే ఆ అట్టతో పాటు నా పెళ్ళిని కూడా కోసేసుకోబోయాను.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే జేబుల్లోకి వస్తున్న రోజులవి. గద్వాలలో మా మగ్గం గదికి రేకుల కప్పు. ఎండాకాలం అందులో కూర్చుంటే మనిషి వేయించిన అప్పడమే! అమరచింత నుంచి నాకనుకున్న పిల్ల తండ్రీ, ఆయన్ను కన్న అవ్వా మా ఇల్లు చూడటానికి వస్తున్నారని తెలిసింది. "అబ్బ, ఎంత చల్లగుంది!" అని వాళ్ళచేత అనిపించుకోవాలని, రేకుల కింద కొట్టడానికి ఫైబర్ అట్టలు కొన్నాను.

"ఎండనాపుతది, చెద పట్టదు, జల్ది నిప్పంటుకోదు. కని లోపలున్నది గాజుపోగు. జిగురుతోని అతికి గట్టిగ చేసిండ్రు. కోసేటప్పుడు మాస్కు, గ్లౌజులు, కండ్లద్దాలు పెట్టుకో. నిండు చేతుల అంగీ తొడుక్కో" అన్నాడు దుకాణాయన.

"నేను అట్ట కోస్తున్ననా అన్నా, చందమామ మీదికి పోతున్ననా?" అని నవ్వాను.

వాళ్ళు వచ్చే రోజు పొద్దున బనీను, లుంగీతోనే రంపం పట్టాను. పైన ఫ్యాను జోరుగా తిరుగుతోంది. పొట్టు నేలపాలు కాకూడదని (నా శుభ్రత చూడండి!) అమ్మ దాచుకున్న కొత్త దుప్పటి కింద పరిచాను. పని అయ్యాక దాన్ని బాగా దులిపి, చుట్టాలు కూర్చునే మంచం మీద వేశాను. ఇంతకన్నా తెలివి ఎవరికుంటుంది?

చుట్టాలు వచ్చే వేళకే నా వీపు మండుతోంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు గానీ, ఆ రోజు రంపానికి లేని దురదంతా నాకే వచ్చింది.

"ఏంది బిడ్డా, గట్ల గోక్కుంటున్నవ్?" అన్నాడు మంచం మీద కూర్చున్న పిల్ల తండ్రి.

"దోమ కుట్టింది మామా."

"పట్టపగలు దోమనా?" అంటూనే ఆయన తొడ గోక్కున్నాడు. తర్వాత మెడ. తర్వాత, పక్కన అవ్వ ఉందని కూడా చూడకుండా, ఇంకెక్కడెక్కడో.

అవ్వ కూడా జబ్బలు రుద్దుకుంటూ లేచింది. "మంచంల నల్లులున్నయ్‌రా! పిలగానికి గజ్జి గూడ ఉన్నట్టుంది. ఈ ఇంటికి మన పిల్లనిస్తమా? నడువ్, పోదాం!"

పెళ్ళి గుమ్మం దాటిపోతోంది. ఇక దాచి లాభం లేదు.

"నల్లులు గాదు అవ్వా, గాజు!" అని అరిచాను.

"దుప్పట్ల గాజేసినవారా?" అమ్మ నెత్తి కొట్టుకుంది.

దుకాణాయనకు ఫోన్ చేస్తే, "గోకొద్దు, రుద్దొద్దు. చల్లనీళ్ళు బాగ పోసుకోండ్రి. ఆ బట్టలు వేరేగ ఉతకండ్రి" అన్నాడు.

మా పెరట్లో కాబోయే మామ, "పెండ్లిగాకముందే మంగళస్నానం జేయిస్తుండు వీడు!" అని తిడుతూ నీళ్ళు పోసుకున్నాడు. అవ్వ మా అమ్మ చీర కట్టుకుంది. మామ నా లుంగీలో, పొట్ట పట్టని నా చొక్కాలో బస్సెక్కాడు. ఇక సంబంధం పోయినట్టేనని నేను అన్నం ముట్టలేదు.

వారం తిరక్కముందే లుంగీ తిరిగివ్వడానికి మామే వచ్చాడు, ముఖం నిండా నవ్వుతో.

"ఈ ముచ్చట చెప్తే మా పిల్ల పడీపడీ నవ్వింది. ఇంత నవ్వించెటోడు మళ్ళ దొరకడు, చేసుకుంటనంటుంది. కని ఒక్క మాట చెప్పమన్నది."

"ఏంది మామా?"

"దుప్పట్లు మా ఇంటినుంచే తెచ్చుకుంటదంట."

అలంపూర్ జోగులాంబ సాక్షిగా ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఈ జన్మలో దుప్పటి మీద రంపం తియ్యను. ఒకవేళ తీసినా, చుట్టాలు బస్సెక్కాకే తీస్తాను.