బాబాయి టైమింగు

మా బాబాయి స్థిమితంగా ఉండే మనిషి కాదు. గాలికి చల్లబడే తన పాత వ్యాను ఇంజను చక్కగా నడుస్తున్నా దారిలో బండి ఆపేవాడు. ఇంజనుండే వెనక డోరు ఎత్తి, నిప్పురవ్వ పడే టైమింగు కుదరలేదంటూ, ఆ రవ్వని పంచే డిస్ట్రిబ్యూటర్‌ని కొద్దికొద్దిగా తిప్పుతూ, తల వంచి ఇంజను చప్పుడు వినేవాడు.

"ఇంకాస్త," అనేవాడు.

"చాల్లెండి, బాగానే ఉంది!" అని ముందు సీట్లోంచి పిన్ని అరిచేది.

అలా పామర్రులో సొంత మేనకోడలి పెళ్లికి చివరి బంతి లేచాక చేరాం.

మొన్న పిన్నికి గుండె లయ తప్పితే బెజవాడ ఆస్పత్రిలో చేర్చారు. బాబాయి కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాడు. మాటిమాటికీ లేచి, ఆమె మణికట్టు పట్టుకుని, వ్యాను దగ్గర లాగే తల వంచి వింటున్నాడు.

"ఆవిణ్ణి పడుకోనివ్వండి సార్," అంది నర్సు.

చప్పున వదిలేశాడు.

పిన్ని కళ్లు తెరవలేదు. "ఇంకాస్తసేపు పట్టుకోండి," అంది.