వంతెన మీద మాట

మెర్విన్ హాలోరన్ మంత్రి పదవి దక్కకనే సొంత పార్టీకి ఎదురు తిరిగాడని ఊళ్లో అనుకుంటున్నది శుద్ధ అబద్ధం. ఇరవై ఏళ్లు హైవేల మీద రోడ్డు చదును చేసే గ్రేడరు బండి తోలిన మనిషి. శాసనసభ్యుడయ్యాక కూడా దారిలో కారాపి, చచ్చిపడిన కంగారూను తోక పట్టి పక్కకి ఈడుస్తాడు, గుంత లోతును బూటుతో కొలుస్తాడు. వరదొస్తే వారం రోజులు ఊళ్లోవాళ్లు ఏరు దాటలేరు. అయినా ఏటి మీద కట్టాల్సిన వంతెనను అతని పార్టీ ప్రభుత్వమే బడ్జెట్లోంచి కొట్టేసింది. ఆ రోజు సభలో లేచి, ప్రతిపక్షం వైపు నడిచివెళ్లి వాళ్లతో కలిసి ఓటేశాడు. క్షమాపణ చెప్పకపోతే ఈసారి టికెట్టు లేదన్నారు పార్టీ పెద్దలు.

బేకరీలో మెర్విన్ మాంసం కూరిన రొట్టె తింటుంటే డల్సీ అవ్వ ఉండబట్టలేక అడిగేసింది. "ఒరే మెర్వ్, ఒక్క మాట చెప్పేస్తే నీ సొమ్మేం పోయిందిరా?"

మెర్విన్ మూతి తుడుచుకున్నాడు. "చెబుతానవ్వా. ఆ వంతెన మీద నిలబడి మరీ చెబుతా. ముందు కట్టమను."